వెనక నుంచి తీసిన ఫోటో

ఎదురింటి తలుపు తడితే వెంటనే తెరుచుకోదు. ముందు లోపలి నుంచి ఎవరని ఒక కేక వస్తుంది. తట్టింది ఆడమనిషైతే గడియ తీస్తారు. మగమనిషైతే ఆగాలి. ఇంట్లో బయటి ఆడవాళ్ళు కూర్చుని ఉంటే, ఆ ఇంటి కొడుకు లిబాన్ కూడా పనిలోంచి వచ్చి సొంత గుమ్మం ముందే కారిడార్‌లో నిలబడతాడు. లోపల అందరూ తలల మీద గుడ్డలు సర్దుకునేదాకా ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. అతను విసుక్కోవడం ప్రణవి ఎప్పుడూ చూడలేదు.

ప్రణవి వాళ్ళు అమెరికాలో, ఈడెన్ ప్రైరీలోని ఆ అపార్ట్‌మెంట్‌కి వచ్చి ఏడాది కావస్తోంది. నాన్న శశికాంత్ ముందే వచ్చి కాంట్రాక్టు ఉద్యోగం చేస్తుంటే, అమ్మ కృష్ణవేణితో కలిసి తను తర్వాత వచ్చింది. పదో తరగతి దాకా అద్దంకి దగ్గర పల్లెలో, జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివింది. ఇక్కడి క్లాసులో లెక్కలన్నీ వస్తాయి గానీ, టీచర్ పేరు పెట్టి పిలిస్తే జవాబు గొంతులోనే ఉండిపోతుంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమెను పలకరించిన మొదటి మనిషి హోదన్. ఆ ఎదురిల్లు హోదన్ వాళ్ళదేనని ఆ రోజే తెలిసింది. హోదన్ మిన్నెసోటాలోనే పుట్టింది. ఆమె ఇంగ్లీషు గలగలా పారుతుంది. ప్రణవి ఇంగ్లీషు ఆగి ఆగి నడుస్తుంది. అయినా హోదన్ ఆ ఆగినంతసేపూ ఆగేది. అదే చాలు అనిపించింది ప్రణవికి.

హోదన్ జుట్టు ఎలా ఉంటుందో ప్రణవికి చాలాకాలం తెలియలేదు. మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళిన రోజు, తలుపు మూసుకోగానే హోదన్ తల మీది గుడ్డ తీసి కుర్చీ మీద పడేసింది. నల్లగా, వత్తుగా, ఉంగరాలు తిరిగిన జుట్టు. ప్రణవి కళ్ళప్పగించి చూసింది.

"ఏంటి? కొమ్ములున్నాయనుకున్నావా?" అంది హోదన్ నవ్వి.

ఆ ఇంట్లో ఒక నాయనమ్మ ఉంది. అందరూ అయేయో అంటారు. సోమాలీలో ఆ మాటకి అర్థం నాయనమ్మ అనే. ఆమెది సోమాలియా దక్షిణాన బైదొవా పట్నానికి దూరంగా ఒక పల్లె. ఇంగ్లీషు ముక్క రాదు. ప్రణవి వచ్చీ రాగానే ఆమె చెయ్యి చాచి ప్రణవి జడ పట్టుకుంది, పాయలు లెక్కపెట్టింది, కొనను ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది.

"కొబ్బరి నూనె ఎవరు రాస్తారు తలకి అంటోంది," హోదన్ చెప్పింది. "నువ్వుల నూనె కదా రాయాలి అంటోంది. జడ మాత్రం ఎవరు వేశారని అడుగుతోంది."

"నేనే," అంది ప్రణవి.

అయేయో తన రెండు చేతులూ ముందుకు చాపి చూపించింది. వేళ్ళు కణుపుల దగ్గర ఉబ్బి, పక్కలకి వంగిపోయి ఉన్నాయి. ఒకప్పుడు పల్లెలో సగం మంది ఆడపిల్లలకి ఆ వేళ్ళే జడలల్లేవట. ఇప్పుడు పిడికిలి కూడా బిగియదు. ఆమె హోదన్‌ని లాగి ప్రణవి ముందు కూర్చోబెట్టింది. నడినెత్తి నుంచి జుట్టు ఎలా విడదీయాలో, సన్నజడ ఎక్కడ మొదలుపెట్టాలో తన వంకర వేలితో చూపించింది. ప్రణవి అల్లింది. తప్పు చేసినప్పుడల్లా అయేయో ఆమె మణికట్టు మీద చిన్నగా కొట్టేది. మాట అవసరం లేని ఆ పని ప్రణవికి నచ్చింది. ఆ తర్వాత వారం వారం వెళ్ళడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో జుట్టు దువ్వుతూ ఉంటే ఆమెకి మాటలు కూడా వచ్చేవి. ఇంగ్లీషులోనే, గలగలా కాకపోయినా, వచ్చేవి.

అలా ఉండగా హోదన్ అక్క ఇఫ్రాకి పెళ్ళి కుదిరింది. ఇఫ్రా పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తుంది. పెళ్ళికొడుకు వాళ్ళది ఉత్తరాన హర్గేసా. ఇద్దరూ మిన్నియాపోలిస్‌లో పరిచయమైనవాళ్ళే. వాళ్ళిద్దరికీ ఏ పేచీ లేదు. పేచీ అంతా పెద్దవాళ్ళకి.

పెళ్ళికి ముందురోజు శనివారం, ఆడవాళ్ళంతా గోరింటాకుకి కూర్చున్నారు. మగవాళ్ళని పొద్దున్నే బయటికి పంపేశారు. ప్రణవితోపాటు కృష్ణవేణిని కూడా పిలిచారు. ఆమె పట్టుచీర కట్టుకుని, పులిహోర డబ్బా పట్టుకుని వచ్చి సోఫా మధ్యలో కూర్చుంది. ఇఫ్రా జడ వేయాల్సింది ప్రణవి. అది అయేయో తీర్మానం. వేయాల్సింది ఎలాగన్నది మాత్రం తేలలేదు.

పెళ్ళికొడుకు మేనత్త సహ్రా ఒక చిన్న సీసాలో నెయ్యి తెచ్చింది. అయేయో నువ్వుల నూనె గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నెయ్యా? పిల్ల తలకా, అన్నంలోకా?" అంది అయేయో. హోదన్ ప్రణవి చెవిలో గబగబా ఇంగ్లీషులోకి మారుస్తోంది.

"మాది ఒంటెల సీమ, పెద్దమ్మా. నువ్వులు మాకెక్కడివి?" అంది సహ్రా. "నెయ్యి రాసుకునే మా ఆడవాళ్ళ జుట్టు నడుము దాటేది."

"దాటదూ మరి? మీ నడుములు అంత పైకుంటాయిగా!"

గది గొల్లుమంది. సహ్రా కూడా నవ్వింది. కానీ సీసా మూత తీసింది.

జుట్టు తీరు దగ్గర మళ్ళీ మొదలైంది. పెళ్ళికాని పిల్లకి నెత్తంతా సన్నజడలే ఉండాలంటుంది అయేయో. తమ ఇంట నడిపాపిట తీసి రెండు లావు జడలు వెనక్కి వేస్తారంటుంది సహ్రా. పెళ్ళయిన ఏడో రోజున పెళ్ళైన ఆడవాళ్ళు వచ్చి పెళ్ళికూతురి తల మీద పట్టుగుడ్డలు వేస్తారు. ఆ గుడ్డను షాష్ అంటారు. అప్పటిదాకా ఈ జడే ఉంటుంది కాబట్టి ఎవరి మాట నెగ్గాలన్నది చిన్న సంగతి కాదు.

"ఇద్దరూ నా నెత్తి మీద యుద్ధం చేస్తున్నారు," అంది ఇఫ్రా కింద చాప మీద కూర్చుని. "మధ్యలో పోయేది నా జుట్టే."

కృష్ణవేణి కూతురివైపు వంగింది. "ఏమంటున్నారే?"

"ఈవిడ వైపు ఒకలా, ఆవిడ వైపు ఒకలా వేస్తారంట అమ్మా."

"ఓస్, అంతేనా. నా పెళ్ళిలో మీ నాన్న తరఫు వాళ్ళు పప్పులో బెల్లం లేదని లేచిపోబోయారు."

ప్రణవి ఎవరినీ అడగలేదు. నుదుటి నుంచి నడినెత్తి దాకా అయేయో చెప్పిన సన్నజడలు అల్లింది. సహ్రా చెప్పినట్టే మధ్య పాపిట తీసింది. మెడ దగ్గరికి వచ్చేసరికి ఆ సన్నజడలన్నీ కలిపి ఐదు పాయలు చేసి ఒక్క జడగా దింపింది. కొనకి అమ్మ పెట్టెలోంచి తెచ్చిన జడకుప్పెలు కట్టింది. నూనె, నెయ్యి రెండూ రాసింది. అయేయో, సహ్రా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత అయేయో నాలుక ఆడిస్తూ గట్టిగా సంబరపు కూత పెట్టింది. మిగిలినవాళ్ళు అందుకున్నారు.

ఆ సందడిలోనే కృష్ణవేణి ఫోన్ తీసింది.

"ప్రణవీ, కొంచెం పక్కకి జరుగు. జడ మీద వెలుతురు పడనీ."

ప్రణవి జరిగింది. జరగడమే కాదు, పక్కకి వాలిన జడను వీపు నడిమికి సర్ది, జడకుప్పెలు విడివిడిగా పరిచింది. వాళ్ళవైపు ఏ పెళ్ళిలోనైనా జడ ఫోటో అలాగే తీస్తారు. పెళ్ళికూతురు వెనక్కి తిరిగి కూర్చుంటుంది, ముఖం కనపడదు, నెత్తి నుంచి కొన దాకా జడ ఒక్కటే కనపడుతుంది. ఇఫ్రా గోరింటాకు చేతులు ముందుకి చాపుకుని ఉంది. వెనక ఏం జరుగుతోందో చూడలేదు.

మర్నాడు ఆదివారం. ప్రణవి పళ్ళు తోముకుని వంటింట్లోకి వచ్చేసరికి శశికాంత్ కాఫీ తాగుతూ భార్య ఫోన్ చూస్తున్నాడు.

"ఈ జడ నువ్వేశావంటగా? భలే ఉందే," అన్నాడు. రెండు వేళ్ళతో ఫోటోని పెద్దది చేశాడు. పాపిట దాకా వచ్చింది. ఇంకా పెద్దది చేశాడు. "ఈ చిన్నచిన్నవన్నీ విడిగా అల్లావా?"

ప్రణవి అక్కడే ఆగిపోయింది. మెట్ల మీద ఎదురింటి ఆడవాళ్ళు కనపడితే గోడవైపు తిరిగి దారిచ్చే మనిషి నాన్న. ఆ మనిషి ఇప్పుడు ఇఫ్రా పాపిటను రెండు వేళ్ళతో విడదీసి చూస్తున్నాడు. లిబాన్ స్నేహితులు చూడనిది, వాళ్ళ మేనమామ కొడుకులు చూడనిది.

"నాన్నా, అది మూసెయ్యి."

"ఏమైందమ్మా?"

"మూసెయ్యి ముందు."

కృష్ణవేణి దోసె తిరగేస్తూ వెనక్కి చూసింది. ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో ఉంది. కింద 'మా అమ్మాయి చేతి పని' అని రాసి ఉంది. నాన్న ఆఫీసు స్నేహితుడు రఘువీర్ అంకుల్ దానికి చప్పట్ల బొమ్మ పెట్టాడు కూడా.

"అమ్మా, ఎందుకు పెట్టావు?"

"పెడితే ఏం? ముఖం కనపడిందా? లేదు. పేరు రాశానా? లేదు. ఇంకేం పోయింది?"

"జుట్టు కనపడింది."

"జడ వేసేది కనపడ్డానికి కాక దేనికే?"

"వాళ్ళ ముఖం రోజూ అందరూ చూస్తారమ్మా. దాచుకునేది జుట్టునే. మనం వాళ్ళు దాచుకోనిదాన్ని దాచి, దాచుకునేదాన్ని ఊరంతా చూపించాం."

కృష్ణవేణి అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడింది. దోసె మాడింది. స్టవ్ ఆపేసి, చెయ్యి చీరకి తుడుచుకుని, ఫోన్ అందుకుని స్టేటస్ తీసేసింది. అప్పుడు మెల్లిగా అంది. "రేణూకి కూడా పంపానే."

రేణు ఆంటీ వాళ్ళది కరీంనగర్. ఇక్కడే నాలుగు వీధుల అవతల ఉంటూ, ఇంట్లోనే పెళ్ళిళ్ళకి పూలజడలు, సవరాలు తయారుచేసి ఇస్తుంది. ఆమె ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరిచేసరికి ఇఫ్రా జడ మొదటి వరసలోనే ఉంది. 'న్యూ డిజైన్, ఆర్డర్స్ ఓపెన్' అని రాసి ఉంది.

"నువ్వే ఫోన్ చెయ్యి అమ్మా."

"నేను ఏమని చెప్పనే? నిన్న నేనే పంపి, ఇవాళ నేనే తీసెయ్యమంటే ఏమనుకుంటుంది? నీకే సరిగ్గా తెలుసు. నువ్వే చెప్పు."

ప్రణవి ఇంతవరకూ పెద్దవాళ్ళెవరికీ తనంతట తాను ఫోన్ చేయలేదు. పండక్కి అమ్మమ్మతో మాట్లాడమన్నా ముందు అమ్మను మాట్లాడించేది. బెడ్రూంలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఇఫ్రా పెళ్ళి సాయంత్రమే.

"రేణు ఆంటీ, నేను ప్రణవిని."

"ఓ ప్రణవీ! బంగారు చేతులు బిడ్డా నీవి. పొద్దటి నుంచి ఒకటే మెసేజ్‌లు. ఆ జడ నాక్కూడ నేర్పియ్యాలె."

"ఆంటీ, ఆ ఫోటో తీసేయాలి."

"ఎందుకు? ఫేస్ లేదు కద."

"వాళ్ళు జుట్టు మగవాళ్ళకి చూపించరాంటీ. ఆ అక్కకి ఈ ఫోటో సంగతే తెలీదు."

"అయ్య, గదా? వెనకకెళ్ళి తీసిందే కద తల్లీ. ఎవరన్నది ఎట్ల తెలుస్తది? రెండు రోజులుంచి తీసేస్త తియ్."

ప్రణవి ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. అటునుంచి హలో, హలో అని వినిపించింది.

"ఆంటీ, మీరు చీర మార్చుకుంటుంటే నేను వెనక నుంచి ఫోటో తీశాననుకోండి. ముఖం కనపడలేదు కదా అని రెండు రోజులు ఉంచుతానంటే, ఊరుకుంటారా?"

రేణు ఆంటీ అటు తన భర్త గోపాల్ అంకుల్‌ని టీవీ సౌండ్ తగ్గించమంది.

"నోట్ల నాలుకే లేదనుకున్న నీకు," అంది రేణు ఆంటీ చివరికి. "ఆగు. తీస్తున్న. ఇగో, పోయింది. చూస్కో."

ప్రణవి చూసుకుంది. పోయింది.

"హమ్మయ్య," అంది కృష్ణవేణి బయట. "అయిపోయింది. ఇక ఆ సంగతి ఎత్తకు."

"ఇఫ్రా అక్కకి చెప్పొద్దా?"

"ఏమని చెప్తావు? పెళ్ళి చేసుకుంటున్న పిల్లకి? తెలిస్తేనే కదా బాధ. చెప్పావంటే ఇంక ఆ గుమ్మం తొక్కనివ్వరు నిన్ను. నీకున్నదే ఆ ఒక్క ఇల్లు."

ఆ మాట నిజమే. అందుకే ఆ సాయంత్రం పెళ్ళిలో ప్రణవి నోరు విప్పలేదు. సోమవారం భోజనాల దగ్గర హోదన్ పెళ్ళి ముచ్చట్లు చెబుతుంటే వింటూ కూర్చుంది. మంగళవారం చెప్పబోయి నీళ్ళు తాగింది. ఎవరి దగ్గరైతే మాటలు వచ్చేవో, ఆ మనిషి దగ్గర కూడా ఇప్పుడు మాటలు వెతుక్కుంటోంది. ఆ సంగతి హోదన్ గమనించింది. "నా మీద కోపమా?" అని అడిగింది. ప్రణవి తల అడ్డంగా ఊపింది. చెప్పకపోయినా ఆ ఇల్లు తనకు మిగిలేలా లేదు. ఇకముందూ లోపలికి వెళ్తుంది, కూర్చుంటుంది, దువ్వెన పట్టుకుంటుంది. కానీ ఇఫ్రా తల వెనక కూర్చున్న ప్రతిసారీ ఆ ఫోటోయే కళ్ళ ముందుంటుంది.

ఏడో రోజు శనివారం, షాష్ వేడుకకి ఎవరూ రాకముందే ప్రణవి ఎదురింటి తలుపు తట్టింది. ఎవరని కేక వచ్చింది. పేరు చెప్పింది. తలుపు తెరుచుకుంది.

పుట్టింటికి వచ్చిన ఇఫ్రా లోపలి గదిలో అయేయో మంచం మీద కూర్చుని ఉంది. సహ్రా కూడా అప్పుడే వచ్చి షాష్‌లు మడతలు పెడుతోంది. వారం రోజుల జడ ఇంకా విప్పలేదు. "వచ్చావా! ఇవాళ ఎలా వేస్తావో చెప్పు," అంది ఇఫ్రా, దువ్వెన ఇస్తూ.

ప్రణవి దువ్వెన అందుకోలేదు. నిలబడే చెప్పింది. ఇంగ్లీషు తడబడింది. అయినా మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. తను పక్కకి జరిగిన సంగతి, జడ సర్దిన సంగతి కూడా. హోదన్ మొదట సోమాలీలోకి మారుస్తూ ఉంది. సగంలో ఆపేసింది. అయేయో ఆమె మోచెయ్యి పట్టి కుదిపితే మిగతాది ముక్తసరిగా చెప్పింది.

అయేయో నవ్వింది. ఆ నవ్వు ఎవరూ అనుకోలేదు.

"ఇంతేనా? నా పెళ్ళికి ముందు నా సన్నజడలు బావి దగ్గర నీళ్ళకొచ్చిన ప్రతివాడూ చూశాడు. ఆడపిల్ల జడలు చూసేందుకే. గుడ్డ కప్పుకునేది పెళ్ళయ్యాక. మీ తాత చూసింది ముందు నా జడల్నే."

"మావైపూ అంతే," అంది సహ్రా. "మా అమ్మ పెళ్ళిదాకా ఉత్త తలతోనే తిరిగింది. ఆ ఫోటో పెళ్ళికి ముందుది. అప్పటికి ఇది పిల్లే కదా."

వారం నుంచి నూనె దగ్గరా, పాపిట దగ్గరా, పాటల దగ్గరా కలవని ఇద్దరూ ఇక్కడ కలిశారు. హోదన్ చెప్పిన ఈ మాటలు విని ప్రణవికి ఊపిరి అందింది. అది ఎంతోసేపు నిలవలేదు.

"అది మీ రోజులు, అయేయో," అంది ఇఫ్రా. గొంతు పెంచలేదు. "మీ ఊరు అది. మీ తల మీద గుడ్డ ఎప్పుడు పడాలో మీ ఊరు చెప్పింది. నేను తొమ్మిదో తరగతిలో నా అంతట నేను కప్పుకున్నాను. బస్సులో లాగారు, అయినా కప్పుకున్నాను. అది పిల్లదా, పెళ్ళైనదా అన్న లెక్క కాదు. నాది."

ఆమె ప్రణవివైపు తిరిగింది.

"ఎవరెవరు చూశారు?" అని అడిగింది ఇఫ్రా.

"మా నాన్న. రఘువీర్ అంకుల్. ఇంకా నాకు తెలియనివాళ్ళు."

ఇఫ్రా తన జడను ముందుకి తెచ్చుకుని, జడకుప్పెలు ఊడదీసి, కొన నుంచి విప్పడం మొదలుపెట్టింది. ఐదు పాయలూ విడదీసింది. జడకుప్పెలు ప్రణవి చేతిలో పెట్టింది.

"ఇవాళ హోదన్ వేస్తుంది," అంది.

ప్రణవి తలూపి తలుపువైపు తిరిగింది.

"వెళ్ళమన్నానా?" అంది ఇఫ్రా వెనక నుంచి. "వేయొద్దన్నాను. కూర్చో."

ప్రణవి గోడ పక్కన కింద కూర్చుంది.

హోదన్‌కి జడ వేయడం సరిగ్గా రాదు. పాయలు ఎక్కువ తక్కువలుగా తీసింది. గట్టిగా లాగితే ఇఫ్రా అబ్బా అంది. మెడ దగ్గరికి వచ్చేసరికి జడ ఎడమవైపు వంగిపోయింది. ప్రణవి వేళ్ళు ఒళ్ళో కదిలాయి. ఆమె వాటిని ముడుచుకుంది. హోదన్ ఒకసారి ఆమెవైపు చూసి, చూపు తిప్పుకుని, మళ్ళీ చూసి, "ఇప్పుడు ఏది కిందికి?" అని అడిగింది. "మధ్యది," అంది ప్రణవి కూర్చున్నచోటి నుంచే.

మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. కృష్ణవేణి కూడా వచ్చింది. ఫోన్ ఇంట్లోనే పెట్టి వచ్చింది. అలా పెట్టమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. పెళ్ళైన ఆడవాళ్ళు ఒక్కొక్కరే పాడుతూ వచ్చి ఇఫ్రా తల మీద షాష్ వేస్తున్నారు. ఎర్రవి, పచ్చవి, బంగారు అంచువి. అయేయో పిలిస్తే కృష్ణవేణి లేచింది. ఆమె సంచిలో ఉన్నది మంగళగిరి పట్టు జాకెట్టు ముక్క. ఇఫ్రా తలెత్తి ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. కృష్ణవేణి చేతులు జోడించబోయింది, అవి గుడ్డతో నిండి ఉన్నాయి. చివరికి ఇఫ్రా తల వంచింది. కృష్ణవేణి ఆ ముక్కను మిగతావాటి మీద పరిచి వెనక్కి వచ్చి, కూతురి పక్కన కూర్చుని ముక్కు చీదుకుంది.

ఆ వంకర జడ షాష్‌ల కిందికి పోయింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి శశికాంత్ కారు మీది మంచు గీకడానికి బూట్లు తొడుక్కుంటున్నాడు.

"ఏమ్మా, ఈసారి జడ ఎలా కుదిరింది?"

"అది నీకు చెప్పేది కాదు నాన్నా," అంది ప్రణవి.

శశికాంత్ ఒక్క క్షణం ఆగి, సరేనని తలూపి, కిందికి వెళ్ళాడు.